ఉడుతకూ చోటున్న జట్టు: పోకెమాన్ పోటీ ఆటపై ఒక పరిశీలన

కళాశాల వార్షిక సంచికలో ఆటల గురించి వ్రాయబూనినవారు క్రికెట్టునో, కబడ్డీనో, చదరంగాన్నో ఎంచుకోవడం పరిపాటి. నేను ఎంచుకున్నది పోకెమాన్. "అది చిన్నపిల్లల కార్టూను కాదుటయ్యా?" అని మన అధ్యాపకులు నవ్వవచ్చు. కార్టూను సంగతి నిజమే. మనలో చాలామందిమి దాన్ని టీవీలో చూస్తూ అన్నం తిన్నవాళ్ళమే. ఐతే ఆ కార్టూను వేరు, అదే పేరుతో కంప్యూటరు మీదా ఫోను మీదా ఇద్దరు మనుషులు ఎదురెదురుగా ఆడే పోటీ ఆట వేరు. ఈ రెండోదానిలో కావలసినంత గణితం ఉంది, కొంత మనస్తత్వశాస్త్రం ఉంది, వీటన్నిటికంటే ముఖ్యంగా జట్టు అంటే ఏమిటో తేల్చి చెప్పే గుణం ఉంది.

నేను గణాంకశాస్త్రం చదువుతున్నాను. మా హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక ఈ ఆట ఆడేవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. కొత్తగా చేరే ప్రతి జూనియరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, అన్నిటికంటే బలమైనది ఏది?" ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం తేలికే. కాని ఆ జవాబుతో జట్టు కూర్చుకున్నవాడు వారం రోజులు వరుసగా ఓడిపోయి, ఆట మంచిది కాదని తేల్చుకుని వెళ్ళిపోతాడు. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. "నా జట్టులో ఇప్పుడున్నవాళ్ళు దేనికి భయపడుతున్నారు? ఆ భయం తీర్చేవాడు ఎవడు?" ఈ ఒక్క ప్రశ్నని పట్టుకుని చివరిదాకా వెళ్ళడమే ఈ వ్యాసం చేసే పని.

పుట్టుపూర్వోత్తరాలు

ఈ ఆటను తలపెట్టినవాడు జపాను దేశస్థుడు సతోషి తాజిరి. చిన్నతనంలో చెరువుగట్ల వెంటా పొలాల వెంటా పురుగులు పట్టి పోగు చేయడం ఆయన సరదా. తరువాత గేమ్ ఫ్రీక్ అనే సంస్థ పెట్టి, పురుగులు సేకరించడంలో ఉండే ఆనందాన్నీ, స్నేహితుడితో మార్పిడి చేసుకోవడంలో ఉండే ఆనందాన్నీ కలిపి ఒక ఆటగా మలిచాడు. 1996 ఫిబ్రవరి 27న జపానులో నింటెండో వారి గేమ్ బాయ్ యంత్రం మీద రెడ్, గ్రీన్ అనే పేర్లతో రెండు ఆటలు వచ్చాయి. వాటిలో ఉన్న జీవులు 151. రెండు యంత్రాలను ఒక తీగతో కలిపి ఇద్దరు తమ జీవుల చేత యుద్ధం చేయించవచ్చు. పోటీ ఆటకి అదే అంకురం.

2022లో వచ్చిన స్కార్లెట్, వయొలెట్ ఆటల విడత ముగిసేసరికి జీవుల సంఖ్య 1025కి చేరింది. ఇందులోంచి ఆరింటిని ఎన్ని విధాలుగా ఎంచుకోవచ్చో ఇంటర్మీడియట్‌లో నేర్చుకున్న సంయోగాల సూత్రంతో లెక్క కట్టి చూడండి. సుమారు 16 కోట్ల కోట్ల జట్లు తేలతాయి. ఒక్కొక్క జీవికి ఏయే మూవ్‌లు నేర్పాలి, చేతికి ఏ వస్తువు ఇవ్వాలి అన్నవి ఈ లెక్కలో కలపనే లేదు. అన్నీ ప్రయత్నించి మంచిది ఏరుకుందామంటే జన్మలు చాలవు. అందుకే ఒక పద్ధతి కావాలి.

ఇద్దరు ఆటగాళ్ళు ఏ యంత్రమూ కొనకుండా బ్రౌజరులోనే ఆడుకోవడానికి పోకెమాన్ షోడౌన్ అనే ఉచిత సాధనం ఉంది. దానిలో అన్ని జీవులూ అందరికీ మొదటిరోజు నుంచే దొరుకుతాయి. ఖరీదైన యంత్రం ఉన్నవాడికీ, పాత ఫోను ఉన్నవాడికీ తేడా లేదు. హాస్టలు విద్యార్థులకి ఈ ఆట అందడానికి ఇదే ముఖ్య కారణమని నా అభిప్రాయం.

ఆట తీరు

ఒక్కొక్కరికి ఆరు జీవులు. ఒక్కో జీవికి నాలుగు మూవ్‌లు మాత్రమే. మామూలు ఒంటరి పోరులో ఒక్కో పక్షాన ఒక జీవి బరిలో ఉంటుంది, తక్కిన ఐదూ వెనక ఉంటాయి. ప్రతి వంతులోనూ ఆటగాడు రెండింట్లో ఒకటి చేయాలి: ఉన్న జీవి చేత మూవ్ వేయించడం, లేదా దాన్ని వెనక్కి పిలిచి మరొకదాన్ని దింపడం. ఆరూ పడిపోయినవాడు ఓడినట్టు.

ఇక్కడ గమనించదగ్గది ఒకటుంది. చదరంగంలో ఎదుటివాడు ఎత్తు వేశాక చూసి మనం వేస్తాం. ఇందులో ఇద్దరూ ఒకేసారి, ఒకరికొకరు తెలియకుండా నిర్ణయం తీసుకోవాలి. జీవిని మార్చితే ఆ వంతు మార్పుకే ఖర్చయిపోతుంది, ఎదుటివాడు వేసిన దెబ్బ కొత్తగా వచ్చినవాడి మీద పడుతుంది. కాబట్టి ఆ దెబ్బను తట్టుకుని లోపలికి రాగలవాడు మన దగ్గర ఉన్నాడా అన్నదే ప్రతి వంతులోనూ ఎదురయ్యే సమస్య. జట్టు కూర్పు అంతా ఈ సమస్యకి ముందుగానే వ్రాసి పెట్టుకునే సమాధానం.

టైపుల లెక్క

నీరు నిప్పుని ఆర్పుతుంది, నిప్పు గడ్డిని కాలుస్తుంది, గడ్డి నీటిని పీల్చేస్తుంది. ఈ మూడింటి దగ్గర మొదలై మొత్తం 18 టైపులున్నాయి. 1996లో ఉన్నవి 15. 1999లో డార్క్, స్టీల్ అనే రెండూ, 2013లో ఫెయిరీ అనేదీ వచ్చి చేరాయి. ఒక జీవికి ఒక టైపు గాని, రెండు గాని ఉంటాయి. అంటే ఒంటరివి 18, జంటలు 153, వెరసి 171 రకాలకు వీలుంది.

దెబ్బ తగిలినప్పుడు టైపుని బట్టి నష్టం రెట్టింపు కావచ్చు, సగం కావచ్చు, మామూలుగా ఉండవచ్చు, అసలు సున్నా కావచ్చు. రెండు టైపుల జీవికి రెండు లెక్కలూ గుణించాలి. అందువల్ల నాలుగు రెట్లూ పడవచ్చు, నాలుగోవంతూ పడవచ్చు. పైగా జీవి తన సొంత టైపు మూవ్ వేస్తే బలం ఒకటిన్నర రెట్లవుతుంది.

కిందటేడు మా హాస్టల్లో ఒక జూనియరు ఆరూ డ్రాగన్లే తెచ్చాడు. ఒక్కొక్కటీ అంకెల ప్రకారం మహాబలశాలి. వరుసగా నిలబెడితే దసరా బొమ్మల కొలువులా కన్నుల పండుగగా ఉంది. ఎదుటివాడు ఒకే ఒక్క ఫెయిరీని దింపాడు. ఫెయిరీకి డ్రాగను దెబ్బ సున్నా, డ్రాగనుకి ఫెయిరీ దెబ్బ రెట్టింపు. ఆరుగురు ఉన్నారన్నమాటే గాని, ఆరుగురికీ ఉన్నది ఒకటే భయం. అది ఎదురైతే ఆరుగురు ఉన్నా ఒక్కడు ఉన్నా ఒకటే.

దీన్నుంచి మొదటి సూత్రం: ఒకే టైపు దెబ్బకి బలహీనులు జట్టులో ఇద్దరికి మించకుండా చూసుకోవాలి. ఆ ఇద్దరు ఉన్నచోట, అదే దెబ్బను సగానికో సున్నాకో తగ్గించుకునేవాడు కనీసం ఒక్కడైనా ఉండి తీరాలి.

ముక్కాలిపీట

సూత్రం చెప్పి ఊరుకుంటే పాఠం కాదు. ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. జట్టు కూర్పు ఎప్పుడూ "నేను ఎవరి చేత గెలవాలి?" అనే ప్రశ్నతో మొదలుపెట్టాలి. మనం గ్యారడోస్‌ను ఎంచుకున్నాం అనుకోండి. ఇది నీరు, ఎగురుడు టైపుల సముద్రసర్పం. దీనికి డ్రాగన్ డాన్స్ అనే మూవ్ ఉంది. ఒక్క వంతు తీరిక దొరికి అది వేసుకుంటే దాడి బలమూ వేగమూ రెండూ ఒకటిన్నర రెట్లవుతాయి. అప్పుడు ఎదుటి జట్టులో సగాన్ని ఊడ్చేయగలదు. కావలసిందల్లా ఆ ఒక్క వంతు తీరిక.

గ్యారడోస్ భయాలు రెండు: కరెంటు దెబ్బ నాలుగు రెట్లు, రాతి దెబ్బ రెండు రెట్లు. ఈ రెండింటినీ తట్టుకునేవాడు ఎవడు? గార్‌చాంప్. ఇది డ్రాగన్, నేల టైపుల జీవి. నేలకి కరెంటు సున్నా, రాయి సగం.

ఇక గార్‌చాంప్ భయాలేమిటి? మంచు దెబ్బ నాలుగు రెట్లు, డ్రాగన్, ఫెయిరీ రెండేసి రెట్లు. ఈ మూడింటికీ విరుగుడు హీట్రాన్. ఇది నిప్పు, ఉక్కు కలిసినది. దాని మీద మంచు నాలుగోవంతు, ఫెయిరీ నాలుగోవంతు, డ్రాగన్ సగం.

మరి హీట్రాన్ భయాలో? నేల దెబ్బ నాలుగు రెట్లు, నీరు, మల్లయుద్ధం రెండేసి రెట్లు. ఇప్పుడు మళ్ళీ గ్యారడోస్ దగ్గరికి రండి. దానికి నేల సున్నా, నీరు సగం, మల్లయుద్ధం సగం!

మూడు జీవులు, ఎనిమిది భయాలు. ఏ ఇద్దరి భయమూ ఒకటి కాదు, ప్రతి భయాన్నీ పక్కవాడు మోస్తున్నాడు. ఇది ముక్కాలిపీట వంటిది. ఏ కాలూ తనంతట తాను నిలబడలేదు, మూడూ కలిస్తే మనిషి కూర్చోవచ్చు. ఆట ఎలా నడుస్తుందో చూడండి. ఎదుటివాడు కరెంటు వేస్తాడు, మనం గార్‌చాంప్‌ని దింపుతాం, దెబ్బ సున్నా. వాడు మంచువాణ్ణి తెస్తాడు, మనం హీట్రాన్‌ని దింపుతాం. వాడు నేలవాణ్ణి తెచ్చి కొడతాడు, మనం గ్యారడోస్‌ని దింపుతాం, దెబ్బ మళ్ళీ సున్నా. ఇప్పుడు తన నేల జీవితో గ్యారడోస్‌ని ఏమీ చేయలేక వాడు వెనక్కి తీసుకుంటాడు. ఆ వంతులోనే మనకి కావలసిన తీరిక దొరికింది. గ్యారడోస్ ఒంటరిగా ఉంటే ఈ అవకాశం వచ్చేదే కాదు. దాని నాట్యానికి తాళం వేసింది తక్కిన ఇద్దరూ.

ఐతే పీట దొరికిందని నిద్రపోకూడదు. ఎదుటివాడూ బుద్ధిమంతుడే. కరెంటు జీవికి ఒక మంచు మూవ్ కూడా నేర్పి, గార్‌చాంప్ వస్తుందని ఊహించి దాన్నే వేయవచ్చు. స్కార్లెట్, వయొలెట్ ఆటల్లో ఐతే టెరాస్టల్ అనే ఏర్పాటు వల్ల ఒక పోరులో ఒక్కసారి ఒక జీవి తన టైపునే మార్చుకోవచ్చు. పైగా మార్పిడి ఊరికే రాదు. 2006లో డైమండ్, పర్ల్ ఆటలతో స్టెల్త్ రాక్ అనే మూవ్ వచ్చింది. వాడు ఒక్కసారి బరిలో ఆ రాళ్ళు పరిస్తే, మన పక్షాన లోపలికి వచ్చే ప్రతి జీవికీ గాయమే. మామూలుగా ప్రాణబలంలో ఎనిమిదోవంతు, గ్యారడోస్‌కి నాలుగోవంతు, చారిజార్డ్ వంటి నిప్పు, ఎగురుడు జీవికి ఏకంగా సగం. కాబట్టి మిగిలిన మూడు స్థానాల్లో ఒకటి ఆ రాళ్ళు తుడిచేవాడికి ఇవ్వాలి. ఇంకొకటి ఎదుటి జట్టు నాట్యం చేసి వచ్చినప్పుడు ఆపగల వేగగాడికి. ఆఖరిది మన జట్టు ఏ దెబ్బకి ఇంకా వణుకుతోందో చూసి ఆ దెబ్బ కాచేవాడికి.

పాత ఆటగాళ్ళకి బాగా తెలిసిన మరొక జంట ఉంది: స్కార్మరీ, బ్లిస్సీ. దెబ్బలు రెండు తరహాలు. కొరకడం, గుద్దడం వంటివి ఫిజికల్. మంటలు, మెరుపులు వంటివి స్పెషల్. బ్లిస్సీ మూల ప్రాణబలం 255, కాని ఫిజికల్ రక్షణ 10. స్పెషల్ దెబ్బలు ఎన్నయినా మింగుతుంది, ఒక్క గుద్దుకి కూలబడుతుంది. ఆ గుద్దులు కాచుకునేది ఫిజికల్ రక్షణ 140 ఉన్న ఉక్కుపక్షి స్కార్మరీ. ఏళ్ళ తరబడి ఈ జంటను బద్దలు కొట్టలేక తలలు పట్టుకున్నవారు ఎందరో. దీనికి విరుగుడుగా వచ్చింది మాగ్నటాన్. దాని అయస్కాంత గుణం ఉక్కు జీవిని వెనక్కి వెళ్ళనివ్వదు. స్కార్మరీని పట్టి నిలిపి కరెంటుతో కొడుతుంది. స్కార్మరీ పడితే బ్లిస్సీ అనాథ. ఒక కాలి మీదే బరువంతా వేస్తే ఎదుటివాడు ఆ కాలినే లాగుతాడన్నమాట.

ముందెవరు, వెనకెవరు

ఇద్దరూ దెబ్బే ఎంచుకుంటే వేగం ఎక్కువున్నవాడిది ముందు పడుతుంది. గార్‌చాంప్ మూల వేగం 102, సాలమెన్స్ అనే మరో డ్రాగనుది 100. రెండు పాయింట్లే గదా అనిపిస్తుంది. నూరో స్థాయిలో రెండింటికీ పూర్తిగా వేగం పెంచితే 333, 328 వస్తాయి. ఇద్దరూ ఒకరినొకరు ఒక్క దెబ్బకి పడగొట్టగలిగినప్పుడు ఆ ఐదు పాయింట్లే చావుబ్రతుకుల తేడా. మన గ్యారడోస్‌కి పూర్తి వేగం 287. నాట్యం చేశాక 430. ఆ నాట్యం ఎందుకంత విలువైనదో ఈ అంకెలే చెబుతాయి.

ప్రతి జీవికీ పంచుకోవడానికి 510 ఎఫర్ట్ పాయింట్లుంటాయి. ఏ ఒక్క గుణానికీ 252కి మించి పెట్టకూడదు. నూరో స్థాయిలో నాలుగు పెడితే ఒక పాయింటు పెరుగుతుంది. కొత్తవాళ్ళు అన్ని జీవులకీ దాడికీ వేగానికీ 252 చొప్పున పోసేస్తారు. దెబ్బ కాయడానికి వచ్చినవాడికి వేగం దేనికి? వాడికి ప్రాణబలమూ రక్షణా కావాలి. జీతం రాళ్ళు ఎలా ఖర్చు పెట్టాలో ఇల్లాలికి తెలిసినట్టు, ఈ 510 ఎక్కడ పెట్టాలో వాడి పనిని బట్టి తెలుసుకోవాలి.

గురి తప్పే దెబ్బ

హైడ్రో పంప్ అనే నీటి మూవ్ బలం 110, కాని నూటికి 80 సార్లే తగులుతుంది. సర్ఫ్ బలం 90, ఎప్పుడూ తగులుతుంది. ఏది మేలు? సగటు చూస్తే 110లో 80 శాతం 88, అంటే సర్ఫే రవ్వంత పైచేయి. మూడుసార్లు వరుసగా హైడ్రో పంప్ తగలాలంటే అవకాశం 51 శాతం మాత్రమే, బొమ్మా బొరుసూ వేసినట్టే.

కాని సగటు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. ఎదుటి జీవికి మిగిలిన ప్రాణం సర్ఫ్‌తో చావనంత ఉండి, హైడ్రో పంప్‌తో చచ్చేంత ఉంటే, అప్పుడు 80 శాతం అవకాశమే సరైనది. రెండింటితోనూ చచ్చేదైతే హైడ్రో పంప్ వేసినవాడు అవివేకి, అది తగిలినా సరే! మంచి ఫలితం వచ్చినంత మాత్రాన నిర్ణయం మంచిదైపోదు. చెడు ఫలితం వచ్చినంత మాత్రాన చెడ్డదీ కాదు. ఆటలో నష్టం కూడా ప్రతిసారీ 85 నుంచి 100 శాతం మధ్య ఊగుతుంది. 24లో ఒకసారి దెబ్బ ఆయువుపట్టున తగిలి ఒకటిన్నర రెట్లవుతుంది. అదృష్టం ఆటలో భాగమే. "నా ఖర్మ" అని ఫోను పక్కన పడేసేముందు, ఆ ఖర్మకి మనం ఎన్నిసార్లు తలుపు తీసి పెట్టామో లెక్క చూసుకోవాలి.

ఎవరికోసం సిద్ధపడాలి

వెయ్యి పైచిలుకు జీవులకీ విరుగుడు ఆరుగురిలో పట్టదు. మరి ఎవరికోసం సిద్ధపడాలి? దీనికి స్మోగన్ అనే ఆటగాళ్ళ సముదాయం ఒక చక్కని కొలత పెట్టుకుంది. 2004 నుంచి ఉన్న ఈ సముదాయం, జీవులను ఎంతమంది వాడుతున్నారో లెక్కగట్టి తరగతులుగా విభజిస్తుంది. పై తరగతిలో ఉండాలంటే వాడుక 4.52 శాతం ఉండాలి. ఈ విడ్డూరపు అంకె ఎక్కడిదనుకున్నారు? ఒక జీవి 4.52 శాతం జట్లలో ఉంటే, పదిహేను ఆటల్లో అది ఒక్కసారైనా ఎదురుపడే అవకాశం సరిగ్గా సగం. 0.9548ని పదిహేనుసార్లు గుణించి చూడండి, అర్ధ వస్తుంది.

దీని భావం ఇదీ: తరచుగా ఎదురయ్యేవాళ్ళ జాబితా వ్రాసుకో, ఒక్కొక్కరి ఎదుట "వీడొస్తే నేనేం చేస్తాను?" అని జవాబు వ్రాసుకో. అరుదుగా వచ్చేవాడి కోసం ఒక స్థానం వృథా చేయకు. పరీక్షలకి ముఖ్యమైన ప్రశ్నలు చదివినట్టే అనుకోండి. ఇది పరీక్షలకి ఎంతవరకు మంచిదో అధ్యాపకులు చెప్పాలి గాని, ఈ ఆటకి మాత్రం ఇదే దారి.

ఉడుత చేసిన పని

ఇక్కడిదాకా చెప్పినదానికి సాక్ష్యంగా జరిగిన ఒక సంగతి చెబుతాను. ఈ ఆటకి అధికారికంగా ప్రపంచ పోటీలు జరుగుతాయి. వాటిలో ఇద్దరిద్దరు బరిలో ఉండే జంట పోరు. ఆరుగురినీ ఎదుటివాడికి చూపించి, వారిలో నలుగురిని ఎంచుకుని ఆడాలి. 2014లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో జరిగిన పోటీల్లో పెద్దల విభాగంలో దక్షిణ కొరియాకి చెందిన సే జున్ పార్క్ గెలిచాడు. ఆయన జట్టులో గ్యారడోస్, గార్‌చాంప్ వంటి హేమాహేమీల పక్కన పచిరీసూ అనే ఒక చిన్న ఉడుత ఉంది.

పచిరీసూ కరెంటు టైపు. దాని మూల గుణాలన్నీ కూడితే 405, గార్‌చాంప్‌వి కూడితే 600. దాడి బలం 45 మాత్రమే. అంకెలు చూసేవాడు దాన్ని గుమ్మం దగ్గరే ఆపేస్తాడు. మరి పార్క్ ఎందుకు తెచ్చాడు? దాని నాలుగు మూవ్‌లు చూస్తే తెలుస్తుంది. ఫాలో మీ: ఎదుటివాళ్ళు పక్కవాడి మీద గురిపెట్టిన దెబ్బని తన మీదికి లాక్కుంటుంది. సూపర్ ఫ్యాంగ్: ఎదుటివాడికి ఉన్న ప్రాణంలో సగం కొరికేస్తుంది, కొరికేవాడి బలంతో పనిలేదు. నజల్: తగిలితే పక్షవాతం ఖాయం, ఎదుటివాడి వేగం పడిపోతుంది. ప్రొటెక్ట్: ఆ వంతుకి తనను తాను కాచుకుంటుంది. నాలుగింటిలో ఒక్కటి కూడా దాని అల్పబలం మీద ఆధారపడలేదు!

ఇంకొక సంగతి. దాని సహజగుణం వోల్ట్ అబ్సార్బ్. కరెంటు దెబ్బ తగిలితే గాయపడడానికి బదులు ప్రాణం నాలుగోవంతు పెరుగుతుంది. గ్యారడోస్‌కి నాలుగు రెట్ల భయం కరెంటే కదా. ఆ కరెంటును పిలిచి మరీ తాగే ఉడుత పక్కన ఉంటే గ్యారడోస్‌కి ఇంకేం భయం? రక్షణకి తగినన్ని పాయింట్లు పెట్టడం వల్ల, పెద్ద పెద్ద దెబ్బలు తన మీదికి లాక్కుని కూడా అది నిలబడింది. వారధి కట్టేటప్పుడు ఇసుక మోసిన ఉడుతని మనవాళ్ళు భక్తికి ఉదాహరణగా చెబుతారు. ఈ ఉడుత మోసింది ఇసుక రేణువు కాదు, వారధిలో ఒక రాయినే.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ తర్వాత ఎందరో పచిరీసూని తెచ్చి ఓడిపోయారు. వాళ్ళు ఉడుతని తెచ్చుకున్నారు గాని, దానికి ఆ పని ఇచ్చిన జట్టుని తెచ్చుకోలేదు. ఉడుత గొప్పదనీ, బలం అక్కరలేదనీ నేను చెప్పడం లేదు. పచిరీసూ కాచింది బలవంతుణ్ణే. బలవంతుడు లేకపోతే అది కాచడానికి ఏమీ ఉండదు, అది లేకపోతే బలవంతుడు కొట్టేలోపే పడిపోతాడు. మన తరగతుల్లో ప్రాజెక్టు బృందాలు కట్టేటప్పుడు మంచి మార్కుల నలుగురూ ఒకచోట చేరి, తక్కినవారిని "మిగిలినవాళ్ళు" అని పిలవడం అందరికీ తెలిసిందే. ఆ నలుగురిలో కోడు వ్రాసేవారే నలుగురూ ఐతే, నివేదిక ఎవరు వ్రాస్తారు, అడిగినవారికి ఎవరు విడమర్చి చెబుతారు? డ్రాగన్ల జూనియరు సంగతి అక్కడ గుర్తుకొస్తుంది.

పరీక్షించే పద్ధతి

జట్టు కాగితం మీద కుదిరాక ఆడి చూడాలి. మావాళ్ళు పది ఆటలాడి ఆరు గెలవగానే "జట్టు సెట్టయింది" అంటారు. బొమ్మాబొరుసు వేసినా పదింట ఆరు గాని అంతకంటే ఎక్కువ గాని గెలిచే అవకాశం 37.7 శాతం ఉంది. ఎనిమిది గాని అంతకంటే ఎక్కువ గాని ఐతే 5.5 శాతం. అంటే పదింట ఆరు గెలుపు జట్టు గురించి దాదాపు ఏమీ చెప్పదు. కనీసం ముప్ఫై, నలభై ఆటలు కావాలి. ఆడిన ప్రతి పోరునీ షోడౌన్‌లో భద్రపరచుకుని తిరిగి చూడవచ్చు. ఓడిన ఆటలో ఏ వంతు దగ్గర దారి తప్పిందో వ్రాసుకోవాలి. ఒకే జీవి చేతిలో పదేపదే ఓడుతుంటే జట్టులో కన్నం ఉన్నట్టు. ఒక్కోసారి ఒక్కో కారణంతో ఓడుతుంటే ఆడేవాడిలో ఉన్నట్టు. మార్చేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మూడు మార్చి గెలిస్తే ఏ మార్పు గెలిపించిందో బ్రహ్మకి కూడా తెలియదు.

ఇంకొక్క మాట, ఇది పెద్దలు అడిగేలోపే చెబుతాను. ఈ ఆటలో మేం పైసా పందెం కాయం. 2025 ఆగస్టులో మన పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించి, నైపుణ్యంతో పోటీపడే ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. ఆ గీత మంచిదే. పందెం వచ్చినచోట ఓటమి గురించి ఆలోచించే తీరిక ఉండదు, పోయిన డబ్బు రాబట్టుకోవాలనే ఆరాటమే ఉంటుంది. ఈ ఆట నేర్పే విద్య అంతా ఓటమిని కూర్చుని చదవడంలోనే ఉంది.

అభ్యాసం

కొత్తగా ఆడదలచినవారు ఒక తెల్లకాగితం తీసుకోండి. ఎడమవైపు మీ ఆరుగురి పేర్లూ వ్రాయండి. మధ్యలో ఒక్కొక్కరి భయాలు వ్రాయండి. కుడివైపు ఆ భయాన్ని కాచేది ఆరుగురిలో ఎవరో వ్రాయండి. తరువాత రెండు సంగతులు చూడండి. కుడివైపు ఏ గడి ఖాళీగా ఉందో మీరు అక్కడ ఓడతారు. ఆరుగురిలో ఎవరి పేరు కుడివైపు ఒక్కసారి కూడా రాలేదో, వాడు ఎంత బలవంతుడైనా వాడి స్థానం గురించి మళ్ళీ ఆలోచించండి. అతనే మీ జట్టుని గెలిపించవలసినవాడైతే ఉంచండి, తక్కినవారు అతని కోసం పనిచేస్తారు. అదీ కాకపోతే ఆ స్థానం మరొకరికి, ఎంత చిన్నవాడైనా సరే పని ఉన్నవాడికి ఇవ్వండి.

ఆ కాగితం నింపి తెచ్చినవారితో ఆడటానికి మా గది తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది, పరీక్షల నెల మినహా.